పాత సీరియల్‌ని సినిమా చూసినట్టు చూస్తే నిద్రే వస్తుంది

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. హారిసన్ ఫోర్డ్ 'ది ఫ్యూజిటివ్' సినిమా ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. దాని మూలమైన అరవైల నాటి టీవీ సీరియల్‌ని ఎంతో ఆశగా మొదలుపెడితే ఒకే రాత్రి నాలుగు ఎపిసోడ్లకి నిద్ర ముంచుకొచ్చింది. పాతవాళ్లు దాన్ని ఆకాశానికెత్తడం వట్టి చిన్ననాటి మోజేనా, లేక మీకు ఏదో అందట్లేదా? పైగా మన కామెడీ సీరియల్ 'అమృతం' దగ్గర ఇది ఎందుకు తిరగబడింది, సీరియల్‌ని జనం ఇప్పటికీ పెట్టుకుని చూస్తుంటే సినిమా ఎందుకు ఆడలేదు?

టీవీ ఎడిటింగ్ రూముల్లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు ఇందులో కాస్త పక్షపాతం ఉంటుంది, అది ముందే చెప్పేస్తున్నా. మోజు కొంత ఉంది, కాదనను. కానీ మీకు అందనిది కూడా ఉంది, అది మీరు చూసిన పద్ధతిలోనే జారిపోయింది.

ఆ సీరియల్ అమెరికాలో ఏబీసీ చానల్లో 1963 సెప్టెంబరు నుంచి 1967 ఆగస్టు దాకా మంగళవారం రాత్రుళ్లు వచ్చేది. మొత్తం 120 ఎపిసోడ్లు, మొదటి మూడు సీజన్లు నలుపు తెలుపు, నాలుగోది రంగుల్లో. అప్పటికి ఇళ్లలో రికార్డు చేసుకునే వీల్లేదు, ఒక మంగళవారం పోయిందంటే మళ్లీ వేసేదాకా పోయినట్టే. అందుకని పోయినవారం చూడనివాడికి కూడా ఈ వారం అర్థమైపోవాలి. పిల్లల డాక్టర్ రిచర్డ్ కింబుల్ భార్య హత్యకు గురవడం, ఇంటి దగ్గర్నుంచి ఒంటిచేతి మనిషి పారిపోతుంటే చూశానని ఆయన చెప్పినా ఎవరూ నమ్మకపోవడం, మరణశిక్షకి తీసుకెళ్తున్న రైలు పట్టాలు తప్పడం, ఇదంతా మొదట్లోనే వ్యాఖ్యాత గొంతులో గబగబా చెప్పేస్తారు. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేసరికే మనిషి ఆర్నెల్లుగా పరారీలో ఉంటాడు. ఆ తర్వాత ప్రతివారం దాదాపు ఒకటే వరస: కొత్త ఊరు, కొత్త పేరు, ఏదో చిన్న కూలిపని, అక్కడివాళ్ల గొడవలో ఇరుక్కోవడం, వాళ్లకి మేలు చేయడం, ఆ మేలు వల్లే గుట్టు బయటపడబోవడం, మళ్లీ బస్సెక్కడం. వారానికొకసారి వింటే భజనలో పల్లవి తిరిగొచ్చినంత హాయిగా ఉంటుంది, నాలుగు వరసపెట్టి చూస్తే తలనొప్పి వస్తుంది.

ఇంకో చిన్న సాంకేతిక కారణం కూడా ఉంది, ఇది బయటివాళ్లకి తట్టదు. టీవీ ఎపిసోడ్ కోసేటప్పుడు యాడ్ బ్రేక్‌కి ముందు ఒక కుదుపు పెడతాం, బ్రేక్ అయ్యాక ఆ కుదుపుని గుర్తుచేసే షాటో మాటో ఇంకొకటి పెడతాం, ఎందుకంటే మధ్యలో జనం లేచి నీళ్లు తాగి, పిల్లాణ్ణి తిట్టి, వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు మీరు యాడ్లు లేకుండా చూస్తారు కదా, ఆ రెండూ పక్కపక్కనే పడతాయి. చెప్పిందే మళ్లీ చెబుతున్నాడేంట్రా బాబూ అనిపిస్తుంది. నిజానికి అక్కడ బ్రేక్ ఉండాలి. నమ్మండి, తెర నల్లబడినప్పుడు ఆపి ఒకసారి లేచి నడిచి వచ్చి చూస్తే అదే ఎపిసోడ్ వేరేలా ఉంటుంది.

ఇక 1993 సినిమా సంగతి. ఆండ్రూ డేవిస్ దర్శకుడు, నిడివి 130 నిమిషాలు. సీరియల్లో వ్యాఖ్యాత గబగబా చెప్పిన వెనకటి కథని ఈ సినిమా మొదటి ఇరవై నిమిషాల్లో కళ్లకి చూపించేస్తుంది, హత్య, విచారణ, రైలు ప్రమాదం అన్నీ. ఆ ప్రమాదానికి బొమ్మ రైలు వాడలేదు, నార్త్ కరోలినాలో డిల్స్‌బొరో దగ్గర నిజం రైలునే కూల్చేశారు, ఆ శిథిలాలు అక్కడే ఉండిపోయి, ఆ దారిన వెళ్లే టూరిస్టు రైలు ఎక్కినవాళ్లకి కనిపిస్తాయి. అంతా బాగుంది, కానీ ఆ సినిమా నిలబడింది రైలు వల్ల కాదని నా అభిప్రాయం. సీరియల్ జనం వారం వారం ఎదురుచూసింది రెండింటికి: ఈసారి ఎలా తప్పించుకుంటాడు, ఆ వెంటపడేవాడు ఎప్పుడు వస్తాడు. టీవీలో ఆ వెంటపడే పోలీసు లెఫ్టినెంట్ జెరార్డ్ చాలా ఎపిసోడ్లలో అసలు కనపడడు, వచ్చినప్పుడు మాత్రం గుండె దడదడలాడేది. సినిమా వాళ్లు ఆ రెండో ఎదురుచూపుని పట్టుకుని సగం సినిమా అతనికే ఇచ్చేశారు. సినిమాలో ఆ వేషం వేసిన టామీ లీ జోన్స్‌కి సహాయ నటుడి ఆస్కార్ ఊరికే రాలేదు. డ్యామ్ గట్టు దగ్గర, నేను నా భార్యని చంపలేదు అని కింబుల్ అంటే, జెరార్డ్ నాకనవసరం అంటాడు చూడండి, ఆ ఒక్క మాటతో ఆ మనిషి ఎవరో తెలిసిపోతుంది.

సీరియల్లో ఉండి సినిమాలో లేనిది ఊళ్లు, మనుషులు, వంటిళ్లు. అవి లేవని సినిమా రాసినవాళ్లకీ తెలుసు అనుకుంటా, అందుకే ఒక్కచోట బాకీ తీర్చారు. ఈసారి చూసినప్పుడు గమనించండి. కింబుల్ షికాగోలో పెద్దాసుపత్రిలో క్లీనర్ వేషంలో తిరుగుతుంటాడు, వచ్చింది ఒంటిచేతి మనిషి ఆచూకీ కోసం. ప్రమాదంలో దెబ్బలు తిన్న పిల్లలతో ఆసుపత్రి కిటకిటలాడుతుంటుంది, ఒక పిల్లాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్లమని ఇతని చేతికి అప్పగిస్తారు. తోసుకుంటూ వెళ్తూనే ఎక్స్‌రే ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తాడు, రోగనిర్ధారణ తప్పని తెలిసిపోతుంది, కాగితం మీద మార్చి రాసి, పిల్లాణ్ణి తిన్నగా ఆపరేషన్ థియేటర్‌కి పంపించేస్తాడు. ఎక్స్‌రే చూడటం కంటపడిన డాక్టరమ్మ, ఆ వేషంలో జూలియన్ మూర్, వచ్చి నిలదీస్తుంది. మళ్లీ పరుగు. పరాయి చోటు, పరాయి పేరు, ఊరుకోలేక చేసిన మేలు, ఆ మేలుతోనే దొరికిపోయే ముప్పు: టీవీవాళ్లు ఒక మంగళవారమంతా తీసుకుని చెప్పిన కథ మొత్తం కొద్ది నిమిషాల్లో అయిపోయింది. సీరియల్ చూడనివాడికి అది మంచి సీను. చూసినవాడికి మాత్రం 120 ఎపిసోడ్లు కళ్లముందు తిరుగుతాయి.

మన దగ్గర ఈ కథ ఎంత దూరం వచ్చిందో మీకు గుర్తుచేయక్కర్లేదనుకుంటా. 1994లో నాగార్జున, మనీషా కొయిరాలా, రమ్యకృష్ణలతో మహేశ్ భట్ తీసిన 'క్రిమినల్' ఈ సినిమా నీడలోనే పుట్టింది. డాక్టరు, భార్య హత్య, నింద, పరారీ. అయితే మనవాళ్లకి ఆ సినిమా అనగానే గుర్తొచ్చేది పరుగు కాదు, కీరవాణి పాట. అదీ ఒక లెక్కే. అరవైల అమెరికన్ టీవీ నుంచి హాలీవుడ్‌కి, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కి వచ్చేసరికి భార్య చనిపోయిన బాధకి పాటల్లో చోటు దొరికింది, హాలీవుడ్ సినిమాలో భార్య కొన్ని ముక్కల జ్ఞాపకం మాత్రమే.

సీరియల్ ముగింపు గురించి ఒక మాట. ఆ రోజుల్లో సీరియల్‌కి ముగింపు చూపించడం రివాజు కాదు, చూపిస్తే పునఃప్రసారాలు ఎవడు చూస్తాడని వ్యాపార భయం. ఈ సీరియల్ మాత్రం రెండు భాగాల ముగింపు వేసింది. 1967 ఆగస్టు 29న రెండో భాగం వచ్చినప్పుడు ఆ వేళ టీవీ పెట్టుకున్న ఇళ్లలో 72 శాతం దాన్నే చూశాయంటారు. ఆ రికార్డు 1980లో 'డాలస్' సీరియల్ ఎపిసోడ్ ఒకటి దాన్ని దాటేదాకా చెక్కుచెదరలేదు. అందుకే దీన్ని సినిమాగా తీయడం సులువైంది. కథకి ఒక తాళం, ఒక తాళంచెవి ముందే ఉన్నాయి. చాలా పాత షోలకి అలాంటి ముగింపే ఉండదు, వాటిని సినిమా తీసేవాడికి అసలు కష్టం అక్కడే.

'మిషన్ ఇంపాసిబుల్' చూడండి. ఒక గూఢచారుల జట్టు కథ, సీబీఎస్ చానల్లో 1966 నుంచి 1973 దాకా ఏడు సీజన్లు. బ్రూస్ గెలర్ ఈ షో తీసినప్పుడు పట్టుబట్టిన సంగతేంటంటే, ఆ గూఢచారుల ఇల్లూ వాకిలీ, పెళ్లీ పిల్లలూ మనకి చూపించకూడదు. పని అప్పగించే టేపు వినిపిస్తుంది, పొగై పోతుంది, నాయకుడు ఫోటోలు ఏరుకుంటాడు, సామాన్లు ముక్కలుముక్కలుగా చూపిస్తారు తప్ప ప్లాన్ ఏమిటో మనకి చెప్పరు. తర్వాత నలభై నిమిషాలు మనుషులు నోరు మెదపకుండా పని చేస్తుంటారు, గోడలో చిల్లు, తీగలు, మాస్కు, గడియారం వంక చూపు. అంతే షో. హీరో ఒకడని లేడు, అందరూ కలిస్తేనే ఒక పనిమంతుడు.

1996లో బ్రయన్ డి పామా సినిమా తీసినప్పుడు ఈ జట్టులో చాలామందిని ప్రాగ్‌లో మొదటి అరగంటలోనే చంపేశాడు, కథంతా టామ్ క్రూజ్ ఒక్కడి చుట్టూ తిప్పాడు, ఆపైన ఏళ్ల తరబడి జనం నమ్మిన నాయకుడు జిమ్ ఫెల్ప్స్‌నే ద్రోహిని చేశాడు. టీవీలో ఆ పాత్ర వేసిన పీటర్ గ్రేవ్స్ సినిమాలో వేయడానికి ఒప్పుకోలేదు, ఆ వేషం జాన్ వాయిట్ వేశాడు. పాత అభిమానుల కోపం న్యాయమే. నేను కూడా అది అక్కర్లేని దెబ్బ అనే అంటాను, ఆ పాత్రకి వేరే పేరు పెట్టుకుంటే సినిమాకి పోయేదేమీ లేదు.

అలాగని ఆ సినిమాని కొట్టిపారేయలేను, లాంగ్లీలో సీఐఏ ఆఫీసులోని ఆ తెల్లగది దొంగతనం వల్ల. చప్పుడైతే అలారం, గదిలో వేడి పెరిగితే అలారం, నేల మీద బరువు పడితే అలారం. పైన గొట్టంలో ఒకడు తాడు పట్టుకుని ఉంటాడు, కింద క్రూజ్ వేలాడుతుంటాడు, సంగీతం లేదు, మాట లేదు, ఒక ఎలుక, కళ్లద్దం మీదుగా జారే ఒక చెమటచుక్క, దాన్ని నేల తాకకుండా పట్టుకునే అరచెయ్యి. ఇంతకంటే పాత షోకి దగ్గరగా ఏ రీమేకూ రాలేదు. పేర్లూ విధేయతలూ తారుమారు చేసినవాడు, జనం దేనికోసం కూర్చునేవారో మాత్రం గుర్తుపట్టాడు. ఇదే డి పామా అంతకుముందు 1987లో 'ది అన్‌టచబుల్స్' కూడా తీశాడు, అదీ 1959లో మొదలైన టీవీ షోనే, షాన్ కానరీకి ఆస్కార్ తెచ్చిపెట్టింది. అక్కడ కూడా రైల్వే స్టేషన్ మెట్ల సీను చూడండి, ఎదురుచూపుని సాగదీయడం ఆయనకి చేతనైన విద్య.

ఇలాంటి రీమేకుల్లో పోయినవి ఎందుకు పోయాయంటే సాధారణంగా బట్టలు, కార్లు, పేర్లు తీసుకుని ఎదురుచూపుని వదిలేయడం వల్ల. 1999 నాటి 'వైల్డ్ వైల్డ్ వెస్ట్'లో విల్ స్మిత్ ఉన్నాడు, డబ్బు ఉంది, ఎనభై అడుగుల ఇనుప సాలీడు ఉంది, సరదా మాత్రం లేదు. అరవైల్లో టీవీలో హీరోగా చేసిన రాబర్ట్ కాన్రాడ్‌కి అది ఎంత ఒళ్లు మండించిందంటే, చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు ఆ సినిమాకి వస్తే తనే వెళ్లి అందుకున్నాడు. 'మయామి వైస్' సంగతి వేరు, ఎనభైల షోకి వెనకుండి నడిపించిన మైకేల్ మాన్ 2006లో తనే సినిమా తీశాడు, గులాబీ రంగు చొక్కాలూ ఆ పాత టైటిల్ సంగీతమూ అన్నీ పక్కన పెట్టేసి చీకటి, వాన, డిజిటల్ కెమెరా గరుకు పెట్టాడు. అప్పుడు జనానికి ఎక్కలేదు, నాకు మాత్రం చాలా ఇష్టం, అర్ధరాత్రి ఒంటరిగా చూడాల్సిన సినిమా. '21 జంప్ స్ట్రీట్' ఇంకో దారి పట్టింది, పాత షోని బాహాటంగా వెక్కిరించింది. ఎనభైల పథకాన్నే మళ్లీ తవ్వి తీస్తున్నాం, పైవాళ్లకి కొత్త ఆలోచనలు లేవు అని పోలీసు అధికారి చేతే అనిపించారు. పాత షోలో హీరోగా చేసిన జానీ డెప్ కూడా వచ్చి ఆ వెక్కిరింతలో ఒక చెయ్యి వేసి వెళ్లాడు. అది పని చేసింది, కానీ ఆ కిటుకు చూసి తర్వాత తీసినవాళ్లు చాలామంది బోర్లాపడ్డారు.

ఇప్పుడు 'అమృతం'. గుణ్ణం గంగరాజు గారి సృష్టి, జెమినీ టీవీలో 2001 నవంబరు నుంచి 2007 దాకా, ఆదివారం రాత్రి. మూడు వందల పైచిలుకు ఎపిసోడ్లు. ఇందులో విచిత్రం గమనించారా? అమృతరావుగా మొదట శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్, ముగ్గురు మారారు, అయినా షోకి ఏమీ కాలేదు. అతని నేస్తం అంజిగా గుండు హనుమంతరావు గారు మాత్రం అలాగే ఉన్నారు. హీరో మారితే కుప్పకూలాల్సిన షో ఎందుకు నిలబడింది? ఎందుకంటే జనం ఎదురుచూసింది అమృతం మొహానికి కాదు, ఈ వారం ఏ దిక్కుమాలిన ఐడియా వస్తుంది, అంజిని ఎలా లాగుతాడు, ఇద్దరూ ఎలా మునిగి మళ్లీ అదే హోటల్ కౌంటర్ దగ్గరికి వస్తారు అన్నదానికి. ఎవరూ ఎదగరు, ఎవరూ మారరు, ఇంటి ఓనరు అప్పాజీ పోడు, వాళ్ల హోటల్ అమృత విలాస్ బాగుపడదు. ఆదివారం రాత్రి, రేపు ఆఫీసు ఉంది అన్న దిగులు మీద అది పూసే మందు.

2014లో గంగరాజు గారే 'చందమామలో అమృతం' తీశారు, అమృతంగా అవసరాల శ్రీనివాస్. చంద్రమండలం మీద హోటల్. ఐడియాగా చూస్తే అమృతరావుకి రావాల్సిన ఐడియానే, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ సీరియల్ నవ్వంతా చిన్న జాగాలో ఉంది. ఇరుకు వాటా, అద్దె, ఎదురుచూసినా రాని కస్టమరు, పక్కింటివాడి ఏడుపు. పెద్ద తెర కదా అని పెద్ద జాగాకి తీసుకెళ్లేసరికి ఆ ఇరుకు పోయింది, ఇరుకుతోపాటు నవ్వూ పోయింది. పైగా పాతికేసి నిమిషాల్లో అయిపోయే గందరగోళాన్ని రెండు గంటలు నడపాలంటే మధ్యలో కథకి మలుపులు కావాలి, మనుషులు ఏదో ఒకటి నేర్చుకోవాలి, వీళ్లేమో ఏమీ నేర్చుకోకపోవడం వల్లే మనకి ఇష్టమైనవాళ్లు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' అని మళ్లీ ఎపిసోడ్లుగానే వచ్చింది, హర్షవర్ధన్‌తో. అప్పటికి గుండు హనుమంతరావు గారు లేరు, 2018లో పోయారు, అంజి చోటులో ఎల్బీ శ్రీరామ్ వచ్చారు. ఆయన మంచి నటుడే, అయినా ఆ చోట మనసు వెతుక్కున్నది పాత అంజినే, దానికి ఎవరేం చేయగలరు. కానీ ఆ కథకి ఎపిసోడ్ రూపమే సరిపోతుందని వాళ్లకీ తెలిసిందని అర్థమైంది. హిందీ టీవీ కామెడీ 'ఖిచిడీ' 2010లో సినిమాగా వచ్చినప్పుడు అదే కుటుంబం, అదే మూర్ఖత్వం అలాగే ఉంచుకుంది, అందుకని దాని అభిమానులు దానికి దక్కారు.

మీకు పనికొచ్చే సంగతులు కొన్ని చెప్పి ఆపుతాను. పాత షో పెట్టేముందు టీవీలో బొమ్మ సాగుతోందేమో చూసుకోండి, అవి దాదాపు చదరంగా ఉండే బొమ్మలు, రెండు పక్కలా నల్లపట్టీలు ఉంటేనే సరైనది, తెరంతా నిండిందంటే మొహాలైనా ఉబ్బి ఉంటాయి, తలలైనా తెగి ఉంటాయి. అరవైల్లో గంట ఎపిసోడ్ అంటే యాడ్లు పోను యాభై నిమిషాలు, తర్వాత యాడ్లు పెరిగి పునఃప్రసారాలకి కొన్ని నిమిషాలు కోసేశారు, కాబట్టి నలభై అయిదు లోపు నిడివి కనిపిస్తే కోసిన ప్రతి అయ్యుండొచ్చని అనుమానించండి. సంగీతం కూడా మారుస్తారు, హక్కుల గొడవ వల్ల. 'ది ఫ్యూజిటివ్' రెండో సీజన్ డీవీడీ 2008లో వచ్చినప్పుడు నేపథ్య సంగీతం చాలావరకు తీసేసి కొత్తది అతికించారు, అభిమానులు గోల గోల చేశారు. దృశ్యం అదే, కోత అదే, కానీ కింద సంగీతం మారితే సీను ఊపిరి మారిపోతుంది, ఇది ఎడిటింగ్ చేసిన ఎవరినడిగినా చెబుతారు.

'ది ఫ్యూజిటివ్'ని వరసగా చూడక్కర్లేదు. మొదటి సీజన్లో 'నైట్‌మేర్ ఎట్ నార్త్‌ఓక్' చూడండి, మంటల్లో చిక్కుకున్న బస్సులోంచి పిల్లల్ని కాపాడినందుకే ఫోటో పేపర్లో పడి దొరికిపోతాడు. అదే సీజన్లో 'ద గర్ల్ ఫ్రమ్ లిటిల్ ఈజిప్ట్', హత్య జరిగిన రాత్రి ఏమైందో అందులో ఉంది. మూడో సీజన్లో రెండు భాగాల 'ల్యాండ్‌స్కేప్ విత్ రన్నింగ్ ఫిగర్స్', అందులో జెరార్డ్ భార్యకి చూపు పోతుంది, ఎవరని తెలియకుండానే కింబుల్ సాయం తీసుకుంటుంది. అక్కడ మీకు నిద్ర వస్తే నేను చెప్పిందంతా వెనక్కి తీసుకుంటా. ఆపైన 'ద జడ్జిమెంట్', అదే ముగింపు, రెండు భాగాల మధ్య ఒక వారం ఆగగలిగితే ఆగండి. సినిమా మళ్లీ చూడటం ఆ తర్వాతే, అప్పుడు ఆసుపత్రి సీను దగ్గర మీకేమనిపించిందో రాయండి. 'మిషన్ ఇంపాసిబుల్' అయితే రెండో సీజన్ నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు, పీటర్ గ్రేవ్స్ వచ్చేది అప్పుడే, మార్టిన్ లాండౌ, బార్బరా బెయిన్ ఇంకా ఉన్నది కూడా అప్పుడే, వాళ్లిద్దరూ మూడో సీజన్‌తో వెళ్లిపోయారు.